లాగు బలము, మోయు బలము: పెట్రోలు పికప్ ట్రక్కును గూర్చి యొక పాఠము

ఎద్దుబండికి బరువెత్తిన రైతునకు ఈ నెల పాఠము సగము తెలిసియే యున్నది. బస్తాలు బండి వెనుకభాగమున ఎక్కువైనచో నొగలు పైకి లేచును. కాడి మెడలను విడిచి, జోతెలు ఎద్దుల గొంతులను పట్టును. ముందుభాగమున ఎక్కువైనచో మెడలు పుండ్లగును. కావున అనుభవముగలవాడు బరువును ఇరుసుమీద సమముగా సర్ది, పిమ్మట ఒకటి రెండు బస్తాలను ముందునకు జరపి, కాడిని చేతితో ఎత్తి చూచి, ఇంత చాలునని నిర్ణయించును. ఆ చేతికి తెలిసిన లెక్కయే పెట్రోలు ఇంజనుగల పెద్ద పికప్ ట్రక్కుతో ఇల్లువంటి ట్రైలరును లాగుకొనిపోవువారికిని ప్రాణాధారము. వారికి ఎద్దుల మెడలు కానరావు గనుక, చేతికి మారుగా అంకెలు కావలసివచ్చినవి.

అమెరికా సంయుక్త రాష్ట్రముల నడుమ, దక్షిణమున టెక్సాసు మొదలు ఉత్తరమున కెనడా సరిహద్దువరకు గోధుమ మైదానములు వ్యాపించి యున్నవి. పైరు దక్షిణమున ముందుగా పండి, క్రమముగా ఉత్తరమునకు పండుచు పోవును. ఆ పంటవెంట కోతయంత్రములను తీసికొని, మే నెల తుదియందు టెక్సాసు, ఓక్లహామాల ప్రాంతమున కోత మొదలుపెట్టి, కాన్సాసు, నెబ్రాస్కాల మీదుగా వేసవి కడపటికి మాంటానా, ఉత్తర డకోటాలు చేరు కూలికోత బృందములు కలవు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1944లో, మాసీ హారిస్ కంపెనీవారు తమ స్వయంచాలిత కోతయంత్రములు 500 ఇట్టి బృందములచేత నడిపించి, పది లక్షల ఎకరములకు పైగా కోయించిరి. ఈ వృత్తికి నాడు వచ్చిన పేరు నేటికిని నిలిచియున్నది. పంజాబునుండి యంత్రములతో వచ్చి మన వరిచేలను కోసిపోవువారిని ఎరిగిన సభ్యులకు ఈ జీవనము వింతగా తోపదు. మన యొద్దకు వచ్చువారు దొరికినచోట తల దాచుకొందురు. ఆ దేశపు కోతగాండ్రలో పెక్కుమంది తమ యింటిని వెంట లాగుకొని తిరుగుదురు.

ఆ యిల్లే నివాస ట్రైలరు. సాధారణముగా రెండు ఇరుసులు, నాలుగు చక్రములు, వాటిపై రేకుగోడల గది. లోపల పడకలు, పొయ్యి, స్నానపుగది, నీటితొట్టి. ఎనిమిది తొమ్మిది మీటర్ల పొడవుగల ట్రైలరు సామానుతో నిండినచో నాలుగు టన్నులకు పైబడి తూగవచ్చును. దానికి సొంత ఇంజను లేదు. ట్రక్కు వెనుక బిగించిన ఉక్కు బంతిపై ట్రైలరు నొగ కొననున్న గిన్నె బోర్లించినట్లు కూర్చుండును; అదియే వారి కాడి.

లాగునది పికప్ ట్రక్కు. ముందు మనుష్యులు కూర్చుండు గది, వెనుక పైకప్పులేని తొట్టి. అందు భారీ తరగతికి చెందిన ఫోర్డు ఎఫ్-250, ఎఫ్-350, షెవ్రొలే సిల్వరాడో 2500, రామ్ 2500 మొదలగు బండ్లు అచటి రైతుల లోగిళ్లలో విరివిగా కనబడును. వీనిని డీజిలు ఇంజనుతోను, పెట్రోలు ఇంజనుతోను అమ్ముచున్నారు. అచటివారు గ్యాసొలిన్ అనునది మన పెట్రోలే.

ఈ రెండింటిలో ఏది మేలన్న వాదము ఆ దేశమున తెగునది కాదు. డీజిలుది లాగు పనిలో పైచేయి యనుటకు సందేహము లేదు. 2020వ సంవత్సరపు నమూనాలలో ఫోర్డువారు తెచ్చిన 7.3 లీటర్ల పెట్రోలు ఇంజనునకు 430 అశ్వబలము, 475 పౌను-అడుగుల త్రిప్పుబలము కలదు. ఆ యేటి వారి 6.7 లీటర్ల డీజిలు ఇంజనునకు అశ్వబలము 475 మాత్రమే యైనను త్రిప్పుబలము 1,050 పౌను-అడుగులు. అదియును నిమిషమునకు 1,600 చుట్లు తిరుగునప్పుడే లభించును. పెట్రోలు ఇంజను తన పూర్తి త్రిప్పుబలమును చూపుటకు నిమిషమునకు 4,000 చుట్లు తిరుగవలెను. కనుకనే పెట్రోలు బండి మెరక యెక్కునప్పుడు గేరు తగ్గించుకొని బిగ్గరగా అరచును. క్రొత్తవాడు ఆ యరుపు విని యేదియో చెడినదని బెదరి కాలు తీయును. అది చెడుట కాదు. ఆ ఇంజను పనిచేయు విధమే అది.

అయినను పెట్రోలు బండిని కొనువారు తక్కువవారు కారు. డీజిలు ఇంజను కోరినచో ధర సుమారు పదివేల డాలర్లు పెరుగును. పొగగొట్టములోని మసిజల్లెడ, తరచుగా దగ్గరి దూరములు తిరుగుటవలనను, నిలిపియుంచి ఇంజను నడుపుటవలనను పూడిపోవుచుండును. యూరియా ద్రావణమును వేరొక తొట్టిలో పోయుచుండవలెను. యూరియా యనగానే మన సభ్యులకు చేనిమందు జ్ఞప్తికి వచ్చును గాని, ఆ ద్రావణము శుద్ధమైన యూరియాను శుద్ధమైన నీటిలో నూటికి 32.5 పాళ్లు కలిపి చేసినది. ఎరువుబస్తా విప్పి కలుపుకొనుట ఇంజనును చెరుచుకొనుటయే. కోతబృందపు పికప్ ఏడాదిలో ట్రైలరును లాగు దినములు కొద్ది. తక్కిన దినములలో చేనినుండి ఊరికి, ఊరినుండి చేనికి విడిభాగములకొరకు తిరుగుటయే దాని పని. మైదానమున ఏడాదికి కొన్ని పర్యాయములు నాలుగు టన్నుల ట్రైలరును లాగువానికి పెట్రోలు బండి చాలునని మా యభిప్రాయము. దినదినము పర్వతములు దాటువాని సంగతి వేరు. ఏలయన టర్బో లేని పెట్రోలు ఇంజను సముద్రమట్టమునుండి ప్రతి వేయి అడుగుల యెత్తునకు నూటికి సుమారు 3 వంతుల బలమును గోల్పోవును. మైలు ఎత్తున నున్న డెన్వరు పట్టణము చేరునప్పటికే ఆరవవంతు తగ్గును. ఆ పట్టణమునకు పడమట 11,000 అడుగుల పైనున్న ఐసెన్‌హోవరు సొరంగమువద్ద మూడవవంతు తగ్గును. టర్బోగల డీజిలునకు ఈ నష్టము మిక్కిలి స్వల్పము.

ఇక అసలు విషయము. బండి కొనబోవువానికి అంగడివారు మొదట చెప్పు అంకె లాగు బలము: ఇన్నివేల పౌనుల ట్రైలరును లాగునని. ఈ యంకె వట్టిమాట కాదు. పూర్వము ఒక్కొక్క కంపెనీ తనకు తోచినట్లు చెప్పుకొనెడిది. ఇప్పుడు దానికి జె2807 అను సామాన్య పరీక్షావిధానము కలదు. అందు ముఖ్యమైన పరీక్ష ఆరిజోనా రాష్ట్రమున డేవిస్ ఆనకట్ట సమీపపు మెరకదారి ననుసరించినది. పదునొకండు మైళ్లకు పైబడిన ఎక్కుడు. అడుగున 100 ఫారన్‌హీటు డిగ్రీల యెండ. లోపల చల్లగాలియంత్రము పూర్తిగా నడచుచుండవలెను. అట్టి స్థితిలో వెనుక ఇరుసునకు రెండే చక్రములుగల పికప్ గంటకు 40 మైళ్లకు తగ్గక ఎక్కవలెను. పరీక్ష మంచిదే. కాని బండికి రెండు బలములున్నవి: లాగు బలమొకటి, మోయు బలమొకటి. అంగడిలో మొదటిదానిని చెప్పుదురు. దారిలో ముందుగా అయిపోవునది పెక్కుసార్లు రెండవది.

మోయు బలము అంకె వేరొకచోట నుండును. నడుపువాని తలుపు తెరచినచో ద్వారబంధముమీద పసుపుపచ్చని చీటీ యొకటి కనబడును. మనుష్యులును సామానును కలిసి ఇన్ని కిలోలకు మించరాదని అందు వ్రాసియుండును. ఆ చీటీ ఆ యొక్క బండికే చెందినది. అదే పేరుగల మరియొక బండి చీటీలో అంకె వేరుగా నుండవచ్చును. ట్రైలరు నొగ బంతిమీద మోపు బరువుకూడ ఈ అంకెలోనుండియే పోవలెను. ఇది తెలియకయే పలువురు మోసపోవుచున్నారు.

ఒక లెక్క వేసి చూతము. బండి మొత్తము బరువు 10,000 పౌనులకు, అనగా సుమారు 4,530 కిలోలకు, మించరాదనుకొందము. ఖాళీబండి 3,180 కిలోలు తూగును. చీటీలో 1,350 కిలోలని యుండును. లాగు బలము 6,500 కిలోలు. మన ట్రైలరు నిండుగా 4,500 కిలోలు. అంగడివాడు నవ్వి, ఇంకను రెండు టన్నులు మిగిలినదని చెప్పును. ట్రైలరు నొగ సాధారణముగా తన బరువులో నూటికి 10 మొదలు 15 వంతులు బంతిమీద మోపవలెను. పదమూడు వంతులనుకొన్నచో 585 కిలోలు. బంతి, దాని సరంజామ 45. నలుగురు మనుష్యులు, తలకు 80 చొప్పున 320. కోతయంత్రములకు పోయుటకై తొట్టిలో 380 లీటర్ల డీజిలు డబ్బా, ఇనుముతో కూడ 370. పనిముట్ల పెట్టె 150. మొత్తము 1,470 కిలోలు. లాగు బలమున రెండు టన్నులు మిగిలియుండగానే మోయు బలము 120 కిలోలు దాటిపోయినది. వెనుక కమానుకట్టలు వంగును, టైర్లు కాగును, ముందుచక్రముల మీది బరువు తగ్గి చుక్కాని తేలికయగును. ఇంజను ఏ పిర్యాదును చేయక లాగుచునే పోవును గనుక, నడుపువానికి తెలియనే తెలియదు.

దీనికి కొందరు చేయు చికిత్స రోగముకంటె చెడ్డది. నొగమీది బరువు తగ్గించుటకై ట్రైలరులోని సామానును వెనుక గోడకు చేర్చుదురు. నొగనుండి 120 కిలోలు తగ్గించినచో మిగులునది 465. అది 4,500లో నూటికి పది వంతులకు కొంచెమే పైన. చీటీ లెక్క సరిపోవును గాని, ట్రైలరు వెనుకబరువుగల బండివలె నగును. మెడమీద కాడి ఆననప్పుడు ఎద్దుబండి ఏమగునో అదియే యగును. కాని ఇచట వేగము గంటకు 100 కిలోమీటర్లు. ఆ మైదానములలో చెట్టు చాటు లేదు. తొమ్మిది మీటర్ల రేకుగోడకు ప్రక్కగాలి తగిలినను, పెద్ద లారీ ప్రక్కనుండి దాటిపోయినను, ట్రైలరు తోక అటునిటు ఊగ నారంభించును. ఒక్కొక్క ఊపు ముందటిదానికంటె పెద్దదై, కడకు ట్రక్కును కూడ త్రిప్పివేయును. సరియైన చికిత్స సులభమైనది. డీజిలు డబ్బాను ఈ బండినుండి దించి, బృందముతో వచ్చు మరియొక బండిలో పెట్టవలెను. లేదా మొదటనే ఎఫ్-350 వంటి పై తరగతి బండిని తీసికొనవలెను. అందును ఇంజను అదియే. మోయుటకు అనుమతించు బరువే యెక్కువ.

నీటితొట్టిని కూడ మరువరాదు. 200 లీటర్లు 200 కిలోలే. అది ఇరుసులకు ముందున్నదో వెనుకనున్నదో చూచి, నింపిన పిమ్మట నొగ బరువు పెరుగునో తరుగునో తెలిసికొనవలెను. నొగను రెండు స్ప్రింగు చువ్వలతో బిగించి, బరువులో కొంత ముందుచక్రములకును, కొంత ట్రైలరు ఇరుసులకును పంచు సాధనము కలదు. ఇంత పెద్ద ట్రైలరునకు అది మంచిదే. కాని అది బరువును పంచునదే గాని మాయము చేయునది కాదు.

ప్రకటనలలో ట్రైలరుతో కొండ యెక్కు ట్రక్కు బొమ్మ వేయుదురు. దిగు ట్రక్కు బొమ్మ మేమింతవరకు చూడలేదు. ఎక్కునప్పుడు బలము చాలకున్న వేగము తగ్గును, వెనుకవారు హారను మ్రోగింతురు, అంతియే. దిగునప్పుడు చాలకున్న ప్రాణములు పోవును. పై లెక్కలోని బండియు ట్రైలరును కలిసి 8,565 కిలోలు. నూటికి 6 వంతుల వాలున ఐదు కిలోమీటర్లు దిగిన 300 మీటర్లు క్రిందికి వచ్చును. ఆ దిగుడులోని శక్తినంతయు బ్రేకులే మింగవలసినచో, ఆ వేడి 30 డిగ్రీల నీటిని 80 లీటర్లకు పైగా మరుగబెట్టుటకు చాలును. అంత వేడిని కొన్ని నిమిషములలో బ్రేకులకెక్కించినచో అవి సడలిపోవుటలో నాశ్చర్యమేమి? పెట్రోలు బండికి ఇచట మరియొక కొరత కలదు. నేటి డీజిలు పికప్పులలో పొగదారిని బిగించి బండిని పట్టియుంచు బ్రేకు ఉండును. పెట్రోలు బండికి అది లేదు. కావున శిఖరముమీదనే వేగము తగ్గించి, లాగు మీట నొక్కి, తక్కువ గేరులో దిగవలెను. ఇంజను మరల అరచును, అరవనీయవలెను. బ్రేకును ఎడతెగక త్రొక్కియుంచక, గట్టిగా త్రొక్కి వేగము తగ్గించి, పూర్తిగా వదలి, అవసరమైనప్పుడు మరల త్రొక్కవలెను.

ట్రైలరు చక్రములకును సొంత విద్యుత్ బ్రేకులుండును. ట్రక్కులోని చిన్న పెట్టె వానిని నడుపును. ఆ పెట్టెకు చేతిమీట యొకటి కలదు. ట్రైలరు ఊగ నారంభించినప్పుడు ట్రక్కు బ్రేకు త్రొక్కుటయు, చుక్కానిని అటునిటు త్రిప్పుటయు రెండును ప్రమాదకరములు. పెట్రోలు పెడలునుండి కాలు తీసి, చుక్కాని కదలక పట్టి, ఆ చేతిమీటను మెల్లగా నొక్కి ట్రైలరు బ్రేకులను మాత్రమే పట్టించినచో, ట్రైలరు వెనుకకు లాగి త్రాడు సాగినట్లు తిన్ననగును. నొగ ఊడిపోయినను తగులుకొనియుండుటకు క్రిందుగా అడ్డముగా దాటించిన రెండు గొలుసులును, పూర్తిగా తెగినచో తనంతట బ్రేకు పట్టించు తీగయును ఉండవలెను. టైర్ల విషయము రెండు మాటలలో ముగించెదము: ట్రైలరు టైర్లలో పెక్కు గంటకు 65 మైళ్లకు మించి పరుగిడుటకు చేసినవి కావు, ఏడాదిలో తొమ్మిది నెలలు ఎండలో నిలిచిన టైరు అరుగకున్నను బీటలు వారును.

ఇదంతయు మన సభ్యుల కెందుకన్న, ప్రతి గ్రామమునను ట్రాక్టరు వెనుక ఇదియే సంగతి జరుగుచున్నది. దానిని కొన్నిచోట్ల ట్రక్కందురు, కొన్నిచోట్ల ట్రాలీ యందురు. రెండు చక్రముల ట్రాలీలో ధాన్యము ముందునకు పోగుపడినచో ట్రాక్టరు ముందుచక్రములు నేల విడువ జూచును. చుక్కాని త్రిప్పినను బండి తిరుగదు. కాలువగట్టెక్కునప్పుడు ఇది మిక్కిలి అపాయకరము. వెనుకకు పోగుపడినచో నొగ కొక్కెమును పైకి తన్నును. సీలకు అడ్డుపిన్ను లేనిచో ఊడి వచ్చును. నాలుగు చక్రముల ట్రాలీ కొక్కెముమీద బరువు మోపదు గాని, దిగుడులో ట్రాక్టరును వెనుకనుండి నెట్టును. మన ట్రాలీలలో పెక్కింటికి సొంత బ్రేకులే లేవు. ఆ నాలుగైదు టన్నులను ట్రాక్టరు వెనుకచక్రములు రెండే ఆపవలెను. ఇట్టి స్థితిలో డీజిలు మిగులునని వంతెన దిగుడులో గేరు న్యూట్రలు చేయువారిని మేమెన్నడును క్షమింపజాలము. గరిటెడు డీజిలు మిగిల్చి, ఇంజను పట్టును వదలుకొని, ట్రాలీపై కూర్చున్న కూలీల ప్రాణములను పందెమొడ్డుటయే యది. వారిని దానిపై ఎక్కించుకొనుటయే మొదటి తప్పు. పొలములో విడివిడిగా త్రొక్కుటకు వేరుచేసిన ఎడమ కుడి బ్రేకు పెడళ్లను రోడ్డెక్కుటకు ముందు గొళ్లెముతో కలుపవలెను. కలుపకున్నచో ఒక ప్రక్క చక్రమే ఆగి, ట్రాక్టరు అడ్డముగా తిరుగును.

నొగ బరువును కనుగొనుటకు అమెరికాలో లారీల కాటాలను వాడుదురు. అట్టి కాటాలు మన చక్కెర మిల్లులవద్దను, మార్కెటు యార్డులలోను కలవు. మూడు తూకములు చాలును. మొదట మనుష్యులు, సామానుతోకూడ లాగు బండిని మాత్రము తూచవలెను. పిదప ట్రైలరును తగిలించి, దాని చక్రములు కాటా వెలుపలనుండునట్లు లాగు బండిని మాత్రమే కాటాపై నిలుపవలెను. స్ప్రింగు చువ్వలున్నచో అప్పటికి వదులు చేయవలెను. రెండింటి భేదమే నొగ బరువు. కడపట రెండింటిని కలిపి తూచి, అందుండి మొదటి తూకమును తీసివేసిన ట్రైలరు పూర్తి బరువు వచ్చును. పై లెక్కలో ఇవి వరుసగా 4,065, 4,650, 8,565 కిలోలు. రెండవ తూకము 4,530కి మించినది; ఆ బండివాడు కాటామీదనుండి దిగి డీజిలు డబ్బాను దింపవలసినదే. ట్రాక్టరు గలవారు రెండవ తూకమప్పుడు ముందుచక్రములను మాత్రమే కాటాపై నుంచి మరియొకమారు తూపించి, ట్రాలీ తగిలింపకముందు అవి ఎంత తూగెనో దానితో పోల్చి చూచుకొనవలెను. ధాన్యము వేసికొని యార్డుకు పోయిన దినముననే, బస్తాలు దింపకముందు, ఈ పని ముగించుకొనవచ్చును.